సింగపూర్, జొహోర్ బారు: జీతాలు, ధరలు, రోజువారీ కొనుగోళ్లపై తరచుగా అడిగే ప్రశ్నలు

సింగపూర్‌కు కొత్తగా వచ్చిన తెలుగువారు మొదటి జీతం అందుకున్న వారంలోనే ఒక మాట అడుగుతారు: "జేబీలో అన్నీ చవకట కదా, ఎలా వెళ్లాలి?" జేబీ అంటే జొహోర్ బారు. చాలా ఏళ్లుగా సరిహద్దును ఆనుకుని ఉన్న వుడ్‌ల్యాండ్స్‌లో ఉంటున్నందువల్ల ఆ ప్రశ్న, దాని వెనకే వచ్చే మరో పది సందేహాలు నా దాకా వస్తూనే ఉన్నాయి. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసిపెట్టాను. ఏ ప్రశ్నకు కావలసిన జవాబు ఆ ప్రశ్న కిందనే ఉంటుంది కనుక మీకు అవసరమైన చోటికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. వేరే సంవత్సరం చెప్పని చోట అంకెలు 2025 నాటివి.

## బయలుదేరే ముందు

జొహోర్ బారు ఎక్కడుంది? దాన్ని సింగపూర్‌కు జంట నగరం అనవచ్చా?

మలేషియాలోని జొహోర్ రాష్ట్రానికి అది రాజధాని. సింగపూర్ ఉత్తరపు అంచున ఉన్న వుడ్‌ల్యాండ్స్‌కూ దానికీ మధ్య ఒక సన్నని జలసంధి అడ్డం. దాని మీద 1924లో ప్రారంభించిన కాజ్‌వే పొడవు కిలోమీటరుకు కాస్త ఎక్కువ. పడమటి వైపున తువాస్ దగ్గర 1998లో రెండో వంతెన వచ్చింది. జంట నగరాలనగానే మనకు హైదరాబాద్, సికింద్రాబాద్, మధ్యలో హుస్సేన్ సాగర్ గుర్తుకు వస్తాయి. అయితే ట్యాంక్‌బండ్ దాటినంత మాత్రాన జేబులోని నోటు విలువ మారదు. కాజ్‌వే దాటితే మారుతుంది. 1965 ఆగస్టు 9న సింగపూర్ మలేషియా నుంచి విడిపోయి రెండు దేశాలయ్యాయి గానీ, రోజూ మూడు లక్షల మందికి పైగా అటూ ఇటూ తిరిగే ఈ రెండు ఊళ్లను జంట నగరాలనడం తప్పనిపించదు.

ఒక సింగపూర్ డాలర్‌కు ఎన్ని మలేషియా రింగిట్లు వస్తాయి? ఒకప్పుడు రెండూ సమానమట, నిజమేనా?

నిజమే. 1967 జూన్ దాకా రెండు దేశాలకూ ఒకే కరెన్సీ ఉండేది. ఆ తర్వాత ఎవరి నోట్లు వారు ముద్రించుకున్నా, ఒకటికి ఒకటి చొప్పున మార్చుకునే ఏర్పాటు 1973 మే వరకూ కొనసాగింది. దాన్ని ముగించింది మలేషియాయే. ఆ మార్పిడి ఒప్పందంలో మూడో భాగస్వామి అయిన బ్రూనైతో మాత్రం సింగపూర్ నేటికీ అదే పద్ధతి పాటిస్తోంది, బ్రూనై డాలర్ సింగపూర్ దుకాణంలో సమాన విలువకు చెల్లుతుంది. రింగిట్ మెల్లమెల్లగా జారుతూ, 1997–98 ఆసియా ఆర్థిక సంక్షోభంలో గట్టిగా దెబ్బతిని, 2024 ఆరంభంలో డాలర్‌కు మూడున్నర దాకా దిగజారింది. 2025లో మూడుంపావు అటూ ఇటూగా ఉంది. పెద్దవయసు మలేషియన్లు "మా రోజుల్లో ఒకటికి ఒకటే" అని చెబుతుంటే అది ముసలివాళ్ల గొప్పలు అనుకోవద్దు.

డబ్బు ఎక్కడ మార్చుకుంటే మంచిది? కార్డు సరిపోదా?

పెద్ద దుకాణాల్లో కార్డు చెల్లుతుంది. టిఫిన్ బండి, చిన్న మంగలి షాపు, పాత బజారు దగ్గర చేతిలో నోట్లు ఉండాలి. నేను ఖర్చుకు సరిపడా రింగిట్లు ముందే సింగపూర్ లిటిల్ ఇండియాలో ఉన్న టెక్కా ప్రాంతంలోని మనీ ఛేంజర్ల దగ్గర నాలుగు బోర్డులు చూసి మార్చుకుంటాను. చెక్‌పోస్ట్‌కు అతుక్కుని ఉన్న కౌంటర్‌కు ఆఖరి నిమిషంలో వెళ్లేవారికి బేరమాడే తీరిక ఉండదని అక్కడివారికీ తెలుసు. కార్డు వాడేటప్పుడు మెషిన్ "సింగపూర్ డాలర్లలోనా, రింగిట్లలోనా" అని అడిగితే తప్పకుండా రింగిట్లే ఎంచుకోండి. డాలర్లు ఎంచుకుంటే మార్పిడి రేటు ఆ మెషిన్ వెనక ఉన్నవారు నిర్ణయిస్తారు, అది మీకు లాభించే రేటు కాదు. 2023 నుంచి సింగపూర్ బ్యాంకు యాప్‌తో మలేషియా క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసి చెల్లించే సౌకర్యం కూడా వచ్చింది.

నాది భారత పాస్‌పోర్ట్. వీసా కావాలా?

మలేషియా 2023 డిసెంబరు 1 నుంచి భారతీయులను 30 రోజుల దాకా వీసా లేకుండా అనుమతిస్తోంది. ఆ సడలింపును 2026 చివరి వరకూ పొడిగించారు. వెళ్లడానికి మూడు రోజుల లోపు డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి, దానికి రుసుము లేదు. అసలు చిక్కు తిరుగు ప్రయాణంలో ఉంది. ఇండియా నుంచి చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలకు సింగపూర్ వీసా ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చి ఉంటే, కాజ్‌వే దాటిన క్షణంలో అది ముగిసినట్టే. పలుమార్లు ప్రవేశించే వీసా ఉందో లేదో చూశాకే వారిని తీసుకెళ్లండి.

## సరిహద్దు దాటేటప్పుడు

రైలు టికెట్ ఒకవైపు 5 రింగిట్లు, ఇంకోవైపు 5 డాలర్లు ఏమిటి? పొరపాటా?

పొరపాటు కాదు. జేబీ సెంట్రల్, వుడ్‌ల్యాండ్స్ మధ్య నడిచే తెబ్రావ్ షటిల్ అయిదు నిమిషాల్లో గమ్యం చేరుస్తుంది. నా ఫోన్‌లో రానూపోనూ టికెట్లు రెండూ పక్కపక్కనే ఉంటాయి: అదే రైలు, అదే దూరం, అదే "5.00" అంకె, ముందున్న కరెన్సీ గుర్తు మాత్రం వేరు. జొహోర్ నుంచి వచ్చేటప్పుడు 5 రింగిట్లు, వుడ్‌ల్యాండ్స్ నుంచి వెళ్లేటప్పుడు 5 డాలర్లు, అంటే 16 రింగిట్లకు పైనే. మొదట చూసినప్పుడు నాకూ ఒళ్లు మండింది. తర్వాత ఒక లెక్క వేశాను. మలేషియా కనీస వేతనం నెలకు 1,700 రింగిట్లు, 26 పనిదినాలకు ఎనిమిదేసి గంటల చొప్పున చూస్తే గంటకు 8 రింగిట్ల పైచిలుకు. 5 రింగిట్ల టికెట్ కోసం అక్కడి కార్మికుడు సుమారు 37 నిమిషాలు పనిచేయాలి. సింగపూర్‌లో విదేశీయులను నియమించుకునే సంస్థలు స్థానికులకు చెల్లించవలసిన కనీస జీతం 1,600 డాలర్లు, అదే లెక్కన గంటకు 7 డాలర్ల 70 సెంట్లు. 5 డాలర్ల టికెట్‌కు 39 నిమిషాలు. రైల్వేవారు ఈ లెక్క చూసే ధర పెట్టారని నేను అనను. కానీ పని గంటల్లో కొలిస్తే ఆ టికెట్ రెండు వైపులా ఇంచుమించు ఒకే ధర.

ఏ వేళలో వెళితే రద్దీ తక్కువ?

పనిరోజుల్లో తెల్లవారుజామున సింగపూర్ వైపు, సాయంత్రం జొహోర్ వైపు ప్రవాహం ఉంటుంది. నాలుగు, అయిదు గంటలకే మోటార్‌సైకిళ్లు వేలల్లో బారులు తీరుతాయి. మీరు సరుకులకు వెళ్లేవారైతే ఆ వేళకు ఎదురు దిశలో ఉంటారు కనుక ఉదయం హాయిగా వెళ్లవచ్చు. శుక్రవారం సాయంత్రం, పాఠశాలల సెలవులు, దీపావళి, చైనా నూతన సంవత్సరం ముందు రోజులు మానుకోండి. జొహోర్ రాష్ట్రం 2014 నుంచి శుక్ర, శనివారాలను వారాంతంగా పాటించి, 2025 జనవరి 1 నుంచి మళ్లీ శని, ఆదివారాలకు మారింది. రెండు ఊళ్లకూ సెలవు ఒకేసారి రావడంతో శనివారపు ఉదయం ఇప్పుడు మరీ కష్టం.

కారులో వెళ్లి చవక పెట్రోలు నింపుకుని రావచ్చు కదా?

ఈ ఆలోచన సింగపూర్‌కు మీకంటే ముందే వచ్చింది. సింగపూర్‌లో నమోదైన కారు దేశం దాటేటప్పుడు ట్యాంకులో కనీసం ముప్పాతిక వంతు ఇంధనం ఉండాలని నిబంధన. 1989లో సగం ట్యాంకుతో మొదలై, 1991లో ముప్పాతికకు పెరిగింది. ఉల్లంఘిస్తే 500 డాలర్ల దాకా జరిమానా పడవచ్చు. అవతల మలేషియా కూడా 2010 నుంచి తన రాయితీ పెట్రోలు రాన్ 95ను విదేశీ నంబరు బండ్లకు అమ్మడం నిషేధించింది, మీరు రాన్ 97 వంటి రాయితీ లేని రకమే కొట్టించుకోవాలి. ఇవిగాక కారుకు మలేషియా ప్రవేశ అనుమతి ట్యాగ్ ఉండాలి. అది లేని సింగపూర్ బండ్లకు 2025 జూలై 1 నుంచి 300 రింగిట్ల జరిమానా విధిస్తున్నారు. పెట్రోలు కోసమే వెళ్లడమంటే పావలా కోడికి ముప్పావలా మసాలా.

## జీతాల మాట

అక్కడి జీతానికీ ఇక్కడి జీతానికీ నిజంగా ఎంత తేడా ఉంది?

మలేషియాలో చట్టబద్ధమైన కనీస వేతనం ఉంది. 2022 మేలో 1,500 రింగిట్లు, 2025 ఫిబ్రవరి 1 నుంచి 1,700 రింగిట్లు. అయిదుగురి కంటే తక్కువ మంది పనిచేసే చోట అది ఆగస్టు నుంచి వర్తించింది. డాలర్‌కు మూడుంపావు చొప్పున అది సుమారు 520 డాలర్లు. సింగపూర్‌లో అందరికీ వర్తించే కనీస వేతనం లేదు. శుభ్రత, సెక్యూరిటీ వంటి రంగాల్లో మెట్లవారీగా జీతం పెరిగే పద్ధతి, దానికి తోడు విదేశీయులను నియమించుకునే సంస్థలు స్థానికులకు పూర్తికాలం పనికి కనీసం 1,600 డాలర్లు చెల్లించాలనే షరతు ఉన్నాయి; ఆ మొత్తం 1,600కు పెరిగింది 2024 జూలైలో. ఇక్కడ చాలామంది గమనించని సంగతి: ఈ రక్షణలు సింగపూర్ పౌరులకు, శాశ్వత నివాసులకు ఉద్దేశించినవి. వర్క్ పర్మిట్ మీద రోజూ కాజ్‌వే దాటి వచ్చే మలేషియన్‌కు గానీ, షిప్‌యార్డులో పనిచేసే మన శ్రీకాకుళం కుర్రాడికి గానీ ఆ అంకె హామీ కాదు. వారి జీతం ఒప్పందంలో రాసుకున్నంతే.

మలేషియన్లు ఇక్కడ సంపాదించి అక్కడ ఖర్చు పెడతారట. వాళ్లకు అంత మిగులుతుందా?

మిగులుతుంది, కానీ ఊరికే కాదు. ఉదాహరణకు 2,000 డాలర్ల జీతం 6,500 రింగిట్లవుతుంది, అంటే అక్కడి కనీస వేతనానికి దాదాపు నాలుగింతలు. దాని ఎదురుగా పెట్టవలసింది గంటల లెక్క. మా ఆఫీసులో పనిచేసే ఒకామె తెల్లవారుజామున మూడున్నరకు లేచి పిల్లల టిఫిన్ డబ్బాలు కట్టి, నాలుగున్నరకు బస్సు ఎక్కి, ఏడింటికి వుడ్‌ల్యాండ్స్ స్టేషన్ ఎదుటి మెట్ల మీద కూర్చుని తన టీ ఫ్లాస్కు తెరుస్తుంది. ఆఫీసు మొదలయ్యేది ఎనిమిదిన్నరకు. "ఆలస్యంగా బయలుదేరితే ఎప్పుడు చేరతానో తెలియదు అక్కా, అందుకే ముందే వచ్చి కూర్చుంటాను" అంటుంది. ఆమె తాతముత్తాతలు పెరాక్ రబ్బరు తోటలకు వచ్చిన తెలుగువాళ్లు, ఆ "అక్కా" ఒక్కటీ అచ్చంగా మన పలుకే. రోజుకు అయిదారు గంటలు రోడ్డు మీద గడిస్తే, గంటకు వచ్చే జీతం పేస్లిప్పులో కనిపించేదానికంటే బాగా తక్కువ.

నేను సింగపూర్‌లో ఉద్యోగం చేస్తూ జేబీలో ఇల్లు అద్దెకు తీసుకుని ఉండవచ్చా?

అద్దె చూసి అందరికీ ఈ కోరిక పుడుతుంది. మలేషియా పౌరులకు అది హక్కు, భారతీయులకు కాదు. వీసా లేకుండా ఇచ్చే 30 రోజులు పర్యటన కోసం, కాపురం కోసం కాదు. వరుసగా ప్రతి రాత్రీ వచ్చే విదేశీయుణ్ణి లోనికి పంపాలా వద్దా అన్నది అక్కడి అధికారి చేతిలో ఉంటుంది. మలేషియాలో దీర్ఘకాలిక నివాస అనుమతి ఉన్నవారి సంగతి వేరు, ఉదాహరణకు మలేషియన్‌ను పెళ్లాడినవారు. మలేషియన్లు కాని వర్క్ పర్మిట్ వారికి సింగపూర్‌లోనే ఆమోదయోగ్యమైన వసతి చూపవలసిన బాధ్యత యజమానిపై ఉంటుంది. ఎవరో ఆరు నెలలు అలాగే నెట్టుకొచ్చారని విని అడ్వాన్సు కట్టకండి. అలాంటి మధ్యవర్తి మాట నమ్మి రెండు నెలల అద్దె పోగొట్టుకున్న ఒక మిత్రుడితో నేను పోలీసు స్టేషన్‌కు తిరిగాను.

అందరూ సింగపూర్‌కు వచ్చేస్తే జొహోర్‌లో పని ఎవరు చేస్తారు?

చేసేవారు దొరకడం లేదన్నదే అక్కడి హోటళ్ల, ఫ్యాక్టరీల, ఆసుపత్రుల ఫిర్యాదు. పని నేర్చిన వెల్డరు, వంటవాడు, నర్సు కిలోమీటరు అవతల మూడింతలు ఇస్తామంటుంటే ఆగడం కష్టం. ఖాళీ అయిన చోట్లకు నేపాల్, బంగ్లాదేశ్, ఇండోనేషియాల నుంచి వచ్చినవారు చేరారు. కనుక జేబీలో మీకు టీ తెచ్చి ఇచ్చే కుర్రాడు మలేషియన్ కాకపోవచ్చు. 2025 జనవరిలో రెండు ప్రభుత్వాలూ జొహోర్–సింగపూర్ ప్రత్యేక ఆర్థిక మండలి ఒప్పందంపై సంతకాలు చేశాయి. మంచి జీతమిచ్చే పనులు జొహోర్‌లోనే పుట్టించాలన్నది దాని ఉద్దేశాల్లో ఒకటి.

## బజారులో

జేబీలో ఏది నిజంగా చవక? ఏది కాదు?

మనిషి చేతి పని ఎక్కువగా కలిసినది చవక; యంత్రం తయారుచేసి ఓడ మోసుకొచ్చినది చవక కాదు. క్షవరం, బట్టలు కుట్టించడం, కారు కడిగించడం, పళ్ల డాక్టరు, హోటల్ భోజనం, కాళ్ల మసాజ్ వంటి వాటికి వెళితే బస్సు ఛార్జీ పోను మిగులుతుంది. ఫోను, లాప్‌టాప్, పేరున్న బూట్లు ప్రపంచమంతటా దాదాపు ఒకే రేటు. వాటి కోసం వరసలో రెండు గంటలు నిలబడటం వృథా. సోనా మసూరి బియ్యం, కందిపప్పు రెండు ఊళ్లకూ ఇండియా నుంచే రావాలి కనుక తేడా స్వల్పం. కూరగాయలు, ఆకుకూరలు, కరివేపాకు మాత్రం అక్కడ కట్టల కొద్దీ దొరుకుతాయి.

మనకు చవక సరే, అక్కడివాళ్లకూ చవకేనా?

కాదు, ఈ ప్రశ్న అడిగేవారు తక్కువ. కిందటిసారి నేను జేబీలో క్షవరానికి 20 రింగిట్లు ఇచ్చాను, నా లెక్కలో 6 డాలర్లు; టెక్కాలో అదే పనికి 12 డాలర్లు ఇస్తాను. సగం ధర అని సంబరపడ్డాను. 1,700 రింగిట్ల కనీస వేతనం మీద బతికే జేబీ కార్మికుడికి గంటకు వచ్చేది 8 రింగిట్ల చిల్లర, అంటే ఆ క్షవరం అతనికి దాదాపు రెండున్నర గంటల కష్టం. 1,600 డాలర్లు తెచ్చుకునే సింగపూర్ పనివాడికి టెక్కా క్షవరం గంటన్నర పని. అంటే పని గంటల్లో చూస్తే జేబీ మంగలే ఖరీదు! మనం పొందే చవకంతా మన చేతిలోని డాలరు వల్ల, ఆ ఊరి దయ వల్ల కాదు. పైగా డాలర్లు పట్టుకుని మనం వారంవారం వెళ్లే కొద్దీ, స్టేషన్ చుట్టుపక్కల హోటళ్లు మనల్ని చూసి ధరలు సవరించుకుంటాయి. అక్కడే పుట్టి పెరిగినవారు ఊరి లోపలికి తినడానికి వెళ్తారు.

దుకాణాల్లో సింగపూర్ డాలర్లు తీసుకుంటారా? బేరం ఆడవచ్చా?

కొందరు తీసుకుంటారు, వారికి నచ్చిన రేటుకు. చిల్లర రింగిట్లలో వస్తుంది. మాల్‌లో బేరం ఉండదు. స్టేషన్‌కు నడక దూరంలోని జలాన్ ఉంగ్కు పువాన్ ప్రాంతంలో, అంటే అక్కడి లిటిల్ ఇండియాలో, చీరలు, పూజ సామాను కొనేటప్పుడు నాలుగు మాటలు ఆడవచ్చు. తమిళం వస్తే మేలు. తెలుగు మాట్లాడే దుకాణదారు తారసపడితే అదృష్టం. టిఫిన్ బండి దగ్గర ఒక రింగిట్ కోసం బేరమాడటం మాత్రం నాకు చిన్నతనంగా తోస్తుంది.

బిల్లులో వేసిన పన్ను తిరిగి ఇస్తారా?

ఇవ్వరు. మలేషియా 2018లో జీఎస్టీని ఎత్తివేసి అమ్మకం, సేవల పన్నుకు మారింది. పర్యాటకులకు దాన్ని వాపసు చేసే పద్ధతి లేదు. హోటల్‌లో రాత్రి బస చేసే విదేశీయులు గదికి రోజుకు 10 రింగిట్ల పర్యాటక పన్ను అదనంగా చెల్లించాలి.

## తిరిగి వచ్చేటప్పుడు

ఎంత విలువైన సరుకు పన్ను లేకుండా తెచ్చుకోవచ్చు?

సింగపూర్ పౌరులు, శాశ్వత నివాసులు, పర్యాటకులకు 48 గంటలకు తక్కువగా బయట ఉంటే 100 డాలర్ల వరకు, 48 గంటలు దాటితే 500 డాలర్ల వరకు జీఎస్టీ మినహాయింపు ఉంది. ఆపై విలువకు 9 శాతం కట్టాలి. మనవారిలో అధికులు తడబడేది ఇక్కడే: వర్క్ పర్మిట్, ఎస్ పాస్, ఎంప్లాయ్‌మెంట్ పాస్, డిపెండెంట్ పాస్, విద్యార్థి పాస్ ఉన్నవారికి ఈ మినహాయింపు అసలు వర్తించదు. సిగరెట్లకు ఎవరికీ రాయితీ లేదు, ఒక్క పెట్టె అయినా చెప్పి పన్ను కట్టాలి. మలేషియా నుంచి వచ్చేవారికి మద్యంపైనా రాయితీ లేదు. చూయింగ్ గమ్ తేనే కూడదు.

సింగపూర్ తినే కోడి, తాగే నీళ్లు కూడా అక్కడివేనా?

చాలా మేరకు. 1962 ఒప్పందం ప్రకారం జొహోర్ నది నుంచి రోజుకు 25 కోట్ల గ్యాలన్ల దాకా ముడి నీటిని, వెయ్యి గ్యాలన్లకు 3 సెన్ చొప్పున సింగపూర్ తీసుకోవచ్చు. కొంత శుద్ధిచేసి వెయ్యి గ్యాలన్లకు 50 సెన్ చొప్పున జొహోర్‌కు తిరిగి అమ్ముతుంది. ఆ ఒప్పందం 2061 దాకా ఉంది. ఒక సెన్ రింగిట్‌లో నూరో వంతు. ధర పెంచాలా వద్దా అన్న తగవు ఇద్దరి మధ్యా ఏళ్ల తరబడి నలుగుతూనే ఉంది. కోళ్ల విషయంలో 2022 జూన్ 1న మలేషియా తమ ఊళ్లలో ధరలు పెరిగాయని ఎగుమతి ఆపేసింది. సింగపూర్‌కు వచ్చే కోడిమాంసంలో మూడో వంతు అక్కడిదే కావడంతో, చికెన్ రైస్ అంగళ్లు కొన్ని తలుపులు వేసుకున్నాయి, తక్కినవి గడ్డకట్టిన మాంసంతో నెట్టుకొచ్చాయి. బ్రాయిలర్ కోళ్లు మళ్లీ మామూలుగా వచ్చింది అక్టోబరులో.

సరిహద్దు మూస్తే ఏమవుతుంది?

ఒకసారి మూశారు. 2020 మార్చి 18న మలేషియా లాక్‌డౌన్ మొదలైనప్పుడు, రోజూ వచ్చిపోయే కార్మికులు రాత్రికి రాత్రి ఏదో ఒక ఒడ్డున ఉండిపోవలసి వచ్చింది. ఇక్కడ ఉండిపోయినవారు కొందరు ఆ మొదటి రాత్రుల్లో క్రాంజీ స్టేషన్ పరిసరాల్లో పడుకున్నారు. నేలమీది దారి టీకాలు పూర్తయినవారందరికీ తెరుచుకున్నది 2022 ఏప్రిల్ 1న. మా ఆఫీసు ఆమె తన చిన్నబిడ్డ మాటలు నేర్చుకోవడం వీడియో కాల్‌లోనే చూసింది.

కొత్త మెట్రో వస్తే ఈ అవస్థ తీరుతుందా?

బుకిట్ చాగర్, వుడ్‌ల్యాండ్స్ నార్త్ స్టేషన్ల మధ్య నాలుగు కిలోమీటర్ల మార్గాన్ని 2026 డిసెంబరు నాటికి ప్రారంభించాలన్నది లక్ష్యం. గంటకు ఒక్కోవైపు 10,000 మంది దాకా వెళ్లవచ్చు, ప్రయాణం సుమారు అయిదు నిమిషాలు. రెండు దేశాల పాస్‌పోర్ట్ తనిఖీలూ బయలుదేరే స్టేషన్‌లోనే పూర్తవుతాయి కనుక దిగాక మళ్లీ వరుస ఉండదు. అది మొదలైన కొద్ది నెలలకు తెబ్రావ్ షటిల్‌ను ఆపివేస్తారు. నేను ఆ రెండు 5.00 టికెట్లనూ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను.